ఫెయిల్యూర్లు ఆఫ్ చేసి విమానం నడిపేవాళ్ళకి

మొన్న శనివారం రాత్రి మా మేనల్లుడు నా సిస్టం ముందు కూర్చుని బోయింగ్ 737 ని బేగంపేట రన్‌వే మీద కొబ్బరికాయ కొట్టినట్టు కొట్టాడు. కిందకి దిగే వేగం చూపించే ముల్లు నిమిషానికి 900 అడుగుల దగ్గరుంది. విమానం ఒకసారి ఎగిరి, మళ్ళీ కూర్చుని, బుద్ధిగా పరుగెత్తి, పక్కకి తిరిగి ఆగిపోయింది. చక్రాలకేం కాలేదు. రెక్కలకేం కాలేదు. వాడు హెడ్‌ఫోన్ తీసి "మామా, కొంచెం గట్టిగా దిగింది గానీ ఓకే కదా?" అన్నాడు.

ఓకే కాదు. కానీ ఆ మాట వాడితో అనడానికి నాకు నోరు రాలేదు. ఎందుకంటే ఆ సెట్టింగులు నావే.

అసలు సంగతేంటంటే వాడు వచ్చే జూన్‌లో ఫ్లయింగ్ స్కూల్లో చేరుతున్నాడు. అక్కా బావా ఇంటి కాగితాలు బ్యాంకులో పెట్టి మరీ అప్పు తెచ్చారు. "మీ మామకి ఇవన్నీ తెలుసు, పోయి నేర్చుకో" అని అక్క వాణ్ణి రాంగోపాల్‌పేట్ లో మా ఇంటికి తోలింది. నాకేం తెలుసో నాకు తెలుసు. పదిహేనేళ్ళకి పైగా ఫ్లైట్ సిమ్యులేటర్ ఆడుతున్నా. అందులో మొదటి ఆరేడేళ్ళు నా విమానం ఒక్కసారి కూడా పాడవలేదు. పాడవకుండా టిక్కు పెట్టుకున్నా మరి :)

నాకు ఈ పిచ్చి పట్టడానికి కారణం మా మేడ. 2008 మార్చి 23 న శంషాబాద్ మొదలయ్యేదాకా సికింద్రాబాద్ వైపు నుంచి బేగంపేటలో దిగే విమానాలు మా మేడ మీదకెక్కితే చక్కగా కనబడేవి. చక్రాలు దించుకుని, రెక్కల వెనక ఫ్లాపులు పరుచుకుని, ఇదిగో ఇక్కడే దిగుతా అన్నట్టు వచ్చేవి. ఒకరోజు అవి రావడం మానేశాయి. ఆ ఖాళీ పూడ్చుకోడానికే నేను మైక్రోసాఫ్ట్ వాళ్ళ ఎఫ్‌ఎస్‌ఎక్స్ కొన్నా. అది 2006 లో వచ్చింది కాబట్టి అందులో హైదరాబాద్ అంటే బేగంపేటే. ఇప్పటికీ ఆ పాతది ఒక డిస్కులో ఉంచుకున్నది అందుకే. మేనల్లుడు దిగింది కూడా అందులోనే.

ఆ 900 అడుగుల సంగతి చూద్దాం. ఎఫ్‌ఎస్‌ఎక్స్ లో ప్రతి విమానానికీ ఒక కాన్ఫిగ్ ఫైలు ఉంటుంది, ఎయిర్‌క్రాఫ్ట్ డాట్ సిఎఫ్‌జి. నోట్‌ప్యాడ్ లో తెరిచి చూసుకోవచ్చు. అందులో కాంటాక్ట్ పాయింట్స్ అన్న సెక్షన్ లో విమానం నేలకి తగిలే ప్రతి చోటుకీ ఒక లైను. ఎంత వేగంతో నేలని గుద్దితే ఆ చోటు దెబ్బతినాలో ఆ లైన్లో ఒక సంఖ్య ఉంటుంది. సిమ్యులేటర్ తో పాటు వచ్చే 737 కి ముందు చక్రం దగ్గర 1181.1, పెద్ద చక్రాల దగ్గర 1574.8. నిమిషానికి అడుగుల్లో. ఈ దశాంశాలు ఎక్కణ్ణుంచి ఊడిపడ్డాయా అని లెక్కేస్తే, సెకనుకి సరిగ్గా 6 మీటర్లు, 8 మీటర్లు. అంటే ఎవరో ప్రోగ్రామర్ కూర్చుని "ఆరు, ఎనిమిది వేద్దాం" అనుకుని, అడుగుల్లోకి మార్చి వదిలేసి ఉంటాడు. మనం ఆఫీసులో టైమవుట్ విలువ 30 అని పెడతామే, అచ్చం అలాగే.

నిజం విమానానికి లెక్క వేరు. అమెరికా నిబంధనల్లో పెద్ద విమానాల చక్రాల వ్యవస్థని, దిగడానికి అనుమతించిన బరువుతో సెకనుకి 10 అడుగుల వేగాన్ని తట్టుకునేట్టు డిజైన్ చెయ్యాలి. అంటే నిమిషానికి 600. ఆ పైన సెకనుకి 12 అడుగుల దాకా, అంటే నిమిషానికి 720 దాకా, విరక్కుండా ఉంటుందని చూపించాలి. మా వాడి 900 ఈ రెంటినీ దాటేసింది. నిజంగా అయితే ఆ విమానం ఎన్నాళ్ళు షెడ్డులో కూర్చునేదో. ఎఫ్‌ఎస్‌ఎక్స్ కేమో 1574 దాకా చీమ కుట్టినట్టు కూడా ఉండదు. అదీ డ్యామేజీ ఆన్ చేస్తేనే. నేనది కూడా ఆఫ్ చేశా.

ఎందుకు ఆఫ్ చేశానో చెప్తా. ఇక్కడ నా ఒక్కడి తప్పే లేదు. ఈ మెలిక చాలామందికి తెలీకే బోల్తా పడతారు. డబ్బులు పెట్టి కొన్న యాడాన్ విమానాల్లో చాలావాటికి సిమ్యులేటర్ ఇచ్చే క్రాష్, డ్యామేజీ టిక్కులు తీసెయ్యమనే సలహా ఇస్తారు. అందులో న్యాయం ఉంది. మంచి యాడాన్ తన హైడ్రాలిక్స్, కరెంటు, ఇంజన్ అన్నీ సొంత కోడ్ తో నడుపుకుంటుంది. సిమ్యులేటర్ మెనూలోకెళ్ళి "ఎలక్ట్రికల్ ఫెయిల్" అని పెడితే ఆ కబురు యాడాన్ కి చేరొచ్చు, చేరకపోవచ్చు, సగం చేరి సగం ఆగొచ్చు. ఒకే డేటాకి ఇద్దరు యజమానులుంటే ఏమవుతుందో మనవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. ఇహ యాడాన్ విమానాశ్రయాలదింకో గోల. టెర్మినల్ భవనం చుట్టూ కంటికి కనిపించని పెట్టె ఒకటుంటుంది. గేటు దగ్గర పార్క్ చేస్తుంటే రెక్క దానికి తగిలి "క్రాష్" అని రెండు గంటల ప్రయాణం మొత్తం తుడిచిపెట్టుకుపోయేది. రెండుసార్లు అయ్యింది నాకు. మూడోసారి టిక్కు పీకేశా.

పీకెయ్యడం తప్పు కాదు. తప్పేంటంటే పని సగంలో ఆపడం. సిమ్యులేటర్ లో ఆఫ్ చెయ్యమన్నది యాడాన్ లో ఆన్ చేసుకోడానికి. పిఎండిజి వాళ్ళ 737 లో ఆ పేజీ కాక్‌పిట్ లోని ఎఫ్‌ఎంసి మెనూలోనే ఉంటుంది. ఫ్లైబైవైర్ వాళ్ళ ఏ320 లో (ఇది ఉచితం, సోర్స్ కూడా తెరిచే ఉంటుంది, మనవాళ్ళు చదివి తీరాల్సిన కోడ్) పైలట్ పక్కనుండే టాబ్లెట్ లో ఉంటుంది. కొత్త మైక్రోసాఫ్ట్ సిమ్యులేటర్ లో అసిస్టెన్స్ ఆప్షన్ల కింద ఇంజన్ స్ట్రెస్, విమానం స్ట్రెస్, మంచు, వేటికవే విడివిడిగా. మనం మొదటి సగం చేసి రెండో సగం మర్చిపోతాం. రెండు చోట్లా ఆఫ్. అప్పుడు మనం నడిపేది విమానం కాదు, దేవుడి రథం.

నాకు బుద్ధి చెప్పింది మా కింది వాటాలో ఉండే పెద్దాయన. విమానాల మెయింటెనెన్స్ లో పనిచేసి రిటైరయ్యారు. ఒకరోజు ఏదో పని మీద పైకొచ్చి, నేను టర్బోప్రాప్ ఒకటి నడుపుతుంటే కాసేపు వెనకాల నిలబడి చూశారు. గేజ్ ఎర్రగీత దాటి ఐదు నిమిషాలైంది.

"బాబూ, ఇంజన్ ఎన్ని గంటలు తిరిగింది?" అన్నారు.

"తెలీదంకుల్, ప్రతిసారీ కొత్తదే వస్తుంది" అన్నా.

ఆయన నవ్వి "రాణిగంజ్ లో సెకండ్ హ్యాండ్ మోటారు కొనేవాడు కూడా ఎన్నేళ్ళు తిరిగింది, ఎవరి దగ్గర తిరిగింది అని అడుగుతాడయ్యా" అని వెళ్ళిపోయారు.

ఆ మాట గుచ్చుకుంది. వెంటనే వెళ్ళి అన్ని ఫెయిల్యూర్లూ ఆన్ చేసి, గరిష్ఠానికి పెట్టేశా. కొత్త బిచ్చగాడు పొద్దెరగడని ఊరికే అన్నారా. నెల రోజులు నా ఇంట్లో విమానాలు రాలిపోయాయి. పైకి లేస్తే ఇంజన్ పోయేది, తిప్పితే హైడ్రాలిక్ పోయేది, దించితే చక్రం దిగేది కాదు. నేనేదో గొప్ప పైలట్ నైపోతున్నాననుకున్నా. కొన్నాళ్ళకి గమనించిందేంటంటే, టేకాఫ్ కి ముందే నా చెయ్యి మంటలార్పే హ్యాండిల్ వైపు పోతోంది. ఇంజన్ పోతుందని తెలిసి కూర్చున్నవాడికి ఇంజన్ పోవడం ఎమర్జెన్సీ కాదు. అది టైంటేబుల్.

ఇది నేను గాల్లో చెప్తున్న మాట కాదు. 2009 జనవరి 15 న న్యూయార్క్ లో పక్షులు తగిలి రెండింజన్లూ పోయిన ఏ320 ని హడ్సన్ నదిలో దించారు కదా. తర్వాత అమెరికా దర్యాప్తు సంస్థ అదే పరిస్థితిని సిమ్యులేటర్ లో పైలట్ల చేత చేయించింది. పక్షులు తగిలిన మరుక్షణమే వెనక్కి తిప్పితే కొన్ని ప్రయత్నాల్లో లాగార్డియాకి చేరగలిగారు. కానీ నిజం పైలట్ కి ఏం జరిగిందో అర్థమై, నిర్ణయం తీసుకోడానికి టైం పడుతుంది కదా అని 35 సెకన్లు ఆగి తిప్పించి చూశారు. చేరలేదు. పైలట్ల చేతుల్లో తేడా లేదు. ఉన్న తేడా ఆ 35 సెకన్లే. ఏ సెట్టింగుల పేజీలోనూ ఆ 35 సెకన్లకి స్లైడర్ ఉండదు. ఫెయిల్యూర్ ఎప్పుడొస్తుందో నీకు తెలియకుండా చేసుకోగలిగితేనే అది వస్తుంది.

అందుకని నా అభిప్రాయం: ఏది పాడవ్వాలి అన్నది చిన్న ప్రశ్న. ఎప్పుడు, ఎందుకు అన్నవి పెద్ద ప్రశ్నలు. "ఎందుకు" దగ్గర రెండు జాతులున్నాయి. ఒకటి తలరాత. రెండోది చేసుకున్నవాడికి చేసుకున్నంత. వీటిని కలిపేస్తే అంతా గందరగోళమే.

తలరాత జాతికి మంచి ఉదాహరణ ఎక్స్‌ప్లేన్. అందులో ఒక్కో భాగానికీ విడిగా చెప్పొచ్చు: ఎప్పుడూ పనిచెయ్యాలి, లేదా సగటున ఇన్ని గంటలకోసారి పాడవ్వాలి, లేదా సరిగ్గా ఇన్ని నిమిషాలకి, ఈ వేగం దగ్గర, ఈ ఎత్తు దగ్గర, లేదా కీ నొక్కినప్పుడు. ఫ్లైట్‌గేర్ లో కూడా ఇలాంటి సగటే ఉంటుంది, గంటల్లోనూ, ఎన్నిసార్లు వాడామన్న లెక్కలోనూ. ఇక్కడ మన లెక్కల బుర్ర పనికొస్తుంది. ఒక్కో భాగానికి సగటు 1000 గంటలు అని పెట్టి "అబ్బో, వెయ్యి గంటలు, ఇక జన్మలో రాదు" అనుకోకండి. అలాంటివి 50 భాగాలుంటే మొత్తం విమానానికి సగటు 20 గంటలే. గంట ప్రయాణంలో ఏదో ఒకటి పోయే అవకాశం దాదాపు 5 శాతం. నాకు ఇదే సరిపోయింది. వారానికి మూడు నాలుగు గంటలు నడిపేవాడికి నెల, నెలన్నరకి ఒకటి తగులుతుంది. ఈలోపు ఫెయిల్యూర్లున్నాయన్న సంగతే మర్చిపోతాం. మర్చిపోవడమే కావలసింది.

అయితే ఈ సగటు లెక్కకి జ్ఞాపకశక్తి లేదు. ఇంజన్ ని పువ్వులా చూసుకున్నా, ఎర్రగీత మీద గంటసేపు మాడ్చినా దానికొకటే. రెండో జాతి అక్కడే కావాలి. ఏ2ఏ వాళ్ళ సెస్నా 172 లాంటి యాడాన్లలో అరుగుదల ఫ్లైట్ కీ ఫ్లైట్ కీ గుర్తుంటుంది. ఇవాళ ఇంజన్ని బాదితే రేపు ఆ బాదిన ఇంజనే వస్తుంది. హ్యాంగర్ లోకెళ్ళి విప్పి చూసుకోవాలి, బాగుచేయించుకోవాలి. పిఎండిజి లో సర్వీసు గంటల మీద ఆధారపడే ఫెయిల్యూర్లున్నాయి. 2024 నవంబరులో వచ్చిన మైక్రోసాఫ్ట్ కొత్త సిమ్యులేటర్ కూడా అరుగుదలని గుర్తుపెట్టుకునే దారి పట్టింది. నేర్చుకునే కుర్రాడికి రెండో జాతి ముందు, మొదటి జాతి తర్వాత. తన చేతులు చేసే పాపం వాడికి ముందు తెలియాలి. దేవుడు చేసేది తర్వాత చూసుకోవచ్చు.

ఏ భాగాన్ని ఎంచుకోవాలన్న దాంట్లో కూడా ఒక మాట. గేజ్ ని చంపకండి, దాని వెనకాలున్న దాన్ని చంపండి. చిన్న విమానాల్లో చాలావాటికి కృత్రిమ దిగంతం చూపించే గేజ్ గాలి పీల్చే పంపు మీద తిరుగుతుంది. పంపు పోతే గేజ్ టక్కున ఆగదు. లోపలున్న గైరో మెల్లగా నీరసపడి, గీత మెల్లగా ఒరుగుతుంది. మబ్బుల్లో ఉంటే మనం దాన్ని నమ్మి విమానాన్ని కూడా దాంతోపాటే ఒరిగిస్తాం. గంట మోగదు, దీపం వెలగకపోవచ్చు. మన సర్వర్లు కూడా అంతే కదా. చచ్చిపోయిన సర్వర్ ని తీసేసి ఇంకోటి పెడతాం. మెల్లగా తప్పు జవాబులిచ్చే సర్వర్ తోనే చావు.

ఇక "ఎప్పుడు" అన్నదానికి నాకు దొరికిన ఉపాయం మా ఆవిడ. హైదరాబాద్ లోనే ఇండియన్ ఎయిర్‌లైన్స్ కాలం నుంచీ ఉన్న పైలట్ల శిక్షణ కేంద్రంలాంటి చోట్ల, నిజం సిమ్యులేటర్లో పైలట్ల వెనకాల ఇన్‌స్ట్రక్టర్ తన ప్యానెల్ తో కూర్చుంటాడు. ఏది పీకాలో, ఎప్పుడు పీకాలో ఆయన ఇష్టం. మా ఇంట్లో ఆ పదవి మా ఆవిడది. ఎక్స్‌ప్లేన్ లో ఒక భాగాన్ని కీ నొక్కితే పాడయ్యేట్టు తనే ఎంచి పెట్టుకుంటుంది, అటు ఇటు పోతూ తన ఇష్టమొచ్చినప్పుడు నొక్కుతుంది. కొన్ని వారాలు అసలు నొక్కదు. నేను గ్యాస్ బండ బుక్ చెయ్యడం మర్చిపోయిన రోజు మాత్రం తప్పకుండా నొక్కుతుంది. నెట్‌ఫ్లిక్స్ వాళ్ళు తమ సర్వర్లని తామే చంపుకునే కేయాస్ మంకీని రాసి 2012 లో అందరికీ ఇచ్చారు. దాన్ని పనివేళల్లో తిప్పేవాళ్ళట, ఇంజనీర్లు అందుబాటులో ఉంటారని. మా ఇంటి కోతికి ఆ దయ కూడా లేదు :)

ఇదంతా విని నా సహోద్యోగి ఒకడు "పొద్దంతా ఆఫీసులో ఫెయిల్యూర్లే, ఇంటికొచ్చి కూడా అవేనా? నాకు ఆల్ప్స్ మీద సూర్యోదయం చూడాలి, అంతే" అన్నాడు. న్యాయమే. చూడు. అన్నీ ఆఫ్ చేసుకుని చూడు. నాకు పేచీ లేదు. కానీ మర్నాడు క్యాంటీన్ లో "నాకు 737 మీద 500 గంటలున్నాయి" అనకు. ఆ మాట మా మేనల్లుడిలాంటి వాళ్ళు వింటారు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఫెయిల్యూర్ల జాబితా ఎంత పొడుగున్నా అందులో లేని ఫెయిల్యూర్ ఒకటుంది. 1972 డిసెంబరు 29 న ఈస్టర్న్ ఎయిర్‌లైన్స్ ట్రైస్టార్ ఒకటి మయామీలో దిగబోతూ, ముందు చక్రం దిగిందని చూపించే బల్బు వెలగక చక్కర్లు కొట్టింది. కాక్‌పిట్ లో అందరూ ఆ బల్బు మీద పడ్డారు. ఆటోపైలట్ ఎత్తుని పట్టి ఉంచడం మానేసిన సంగతి ఎవరూ చూడలేదు. విమానం చిత్తడి నేలలో కూలి వందమందికి పైగా చనిపోయారు. పాడైంది బల్బు మాత్రమే. మనకి దగ్గరిది, 2009 సెప్టెంబరు 2 న ఇదే బేగంపేట నుంచి లేచిన బెల్ 430 హెలికాప్టర్. నల్లమలలో కూలి అప్పటి ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి గారితో సహా ఐదుగురూ పోయారు. విచారణ నివేదిక ప్రధానంగా చెప్పింది చెడు వాతావరణం, కిందకి తోసే గాలి, అదుపు తప్పడం. అందులోనే, పైలట్ల దృష్టి కొంతసేపు ట్రాన్స్‌మిషన్ ఆయిల్ కి సంబంధించిన సమస్య మీద, దాని చెక్‌లిస్టు వెతకడం మీద ఉండిపోయిందన్న మాట కూడా ఉంది. అందుకే పెద్ద పెద్ద ఫెయిల్యూర్ల కంటే చిన్నవే ఎక్కువ పెట్టుకోమంటా. రెండింజన్లూ పోతే ఎవడైనా నిటారుగా కూర్చుంటాడు. ఒక బల్బు, ఒక రేడియో, సరిగ్గా మూసుకోని ఒక తలుపు. ఇవి పోయినప్పుడు విమానం నడపడం మానేస్తావా లేదా అన్నది చూసుకోవాలి.

సరే, మేనల్లుడి సంగతి. ఆదివారం పొద్దున్న కూర్చుని వాడి కోసం కొత్త ప్రొఫైల్ చేశా. 737 తీసేసి సెస్నా 172 ఇచ్చా, వాడు అక్కడ నేర్చుకునేది కూడా చిన్న విమానమే కాబట్టి. సిమ్యులేటర్ డ్యామేజీ ఆఫ్, యాడాన్ డ్యామేజీ ఆన్. అరుగుదల ఆన్. బాగుచేయించుకోడానికి ముందు ఏం పాడైందో వాడే కనిపెట్టి రాయాలి. దానికో రెండొందల పేజీల నోట్‌బుక్ కొనిచ్చా. కింది అంకుల్ నోట్‌బుక్ అట్ట మీద తన చేత్తో "స్నాగ్ రిజిస్టర్" అని రాసిచ్చారు.

మొదటి రెండు ఫ్లైట్లు ఏమీ కాలేదు. మూడోది బేగంపేట నుంచి గన్నవరం. సూర్యాపేట దాటాక ఆల్టర్నేటర్ పోయింది. వోల్టేజ్ దీపం వెలిగింది. వాడు చూడలేదు. నేను వెనక కుర్చీలో నోరు మూసుకుని కూర్చున్నా, అది ఎంత కష్టమో చెప్పలేను. వాడు కిందున్న కృష్ణానది నాకు చూపిస్తున్నాడు. బ్యాటరీ మీద రేడియోలు, లైట్లు అన్నీ నడుస్తూనే ఉన్నాయి. పన్నెండు నిమిషాలు. రేడియో గొంతు బొంగురుపోయి ఆగాక "మామా, సౌండ్ కార్డ్ పోయిందా?" అన్నాడు.

సౌండ్ కార్డ్ కాదన్నా. అప్పుడు ప్యానెల్ ని ఎడమ నుంచి కుడికి చూడ్డం మొదలెట్టాడు. దీపం దగ్గర ఆగాడు. చాలాసేపు ఆగాడు. గన్నవరంలో ఫ్లాపులు లేకుండా దిగాడు, ఎందుకంటే వాటికీ కరెంటే కావాలి. బాగా పొడుగ్గా పోయింది గానీ రన్‌వే మీదే ఆగింది.

నోట్‌బుక్ మొదటి పేజీలో వాడు రాసింది ఇది: "ఆల్టర్నేటర్ పనిచెయ్యలేదు. ఎప్పుడు పోయిందో చూడలేదు." రెండో వాక్యం రాయమని నేను చెప్పలేదు. అంకుల్ చదివి, కింద సంతకం పెట్టి, "ఆల్టర్నేటర్ మార్చొద్దు, రేపు ఇంజన్ స్టార్ట్ చేసేటప్పుడు చూస్తాడో లేదో చూడు" అని నా చెవిలో చెప్పి వెళ్ళారు.

సాయంత్రం అక్క ఫోన్ చేసి "ఎలా నడుపుతున్నాడ్రా?" అంది. బానే నడుపుతున్నాడన్నా. ఆల్టర్నేటర్ సంగతి చెప్పలేదు.